పడని దెబ్బ

మంగళవారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే వంటింట్లోకి నడిచి, రెండు బ్రెడ్డు ముక్కలు టోస్టరులో వేసింది. మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో మా ఇంట్లో రోజూ ఆ వేళకు జరిగే పనే అది. ఆ రోజు టోస్టు తింటూ లాప్‌టాప్ తెరిచింది. తొమ్మిదో తరగతి పిల్లలందరికీ స్కూలు వాళ్ళు కొన్ని ప్రశ్నలు పంపారట. క్లాసులో గొడవ మొదలైతే టీచరు ఏం చేస్తే మీకు మేలు, ఎవరి మాట వింటారు, ఎందుకు వింటారు. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వెయ్యాలి.

"మమ్, నిన్ను స్కూల్లో కొట్టేవాళ్ళా? లైక్, ఫర్ రియల్?"

"కొట్టేవాళ్ళు. ఇండియాలో."

"అండ్ హియర్?"

"ఇక్కడ కొట్టలేదు."

ఆ చిన్న మాట చెప్పడానికి నాకు కొంత సేపు పట్టింది. తను గమనించలేదు, తలవంచుకుని మార్కులు వేసుకుంటోంది. చెప్పవలసిన చోట, చెప్పవలసిన రోజున ఆ మాట నేను చెప్పలేదు. దానివల్ల ఒక మనిషి వృత్తి పోయింది.

నాకు పదమూడేళ్ళప్పుడు నాన్నకు ఈ దేశంలో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో డాక్టరు ఉద్యోగం వచ్చింది. మెల్‌బోర్న్ నుంచి కారులో మూడు గంటలు. పాల ఫ్యాక్టరీ, ఆసుపత్రి, రెండు చర్చిలు, ఒక హైస్కూలు, అంతే ఊరు. మేము తప్ప తెలుగువాళ్ళు లేరు. మే నెలలో దిగాం. మన దగ్గర అది మామిడికాయల కాలం, ఇక్కడ చలి మొదలయ్యే కాలం. మొదటి ఆదివారం అమ్మ పుల్లటి ఆకుపచ్చ ఆపిల్ కాయలు తురిమి పులిహోర కలిపింది. నాన్న బాగుందన్నాడు. అమ్మ రెండు ముద్దలు తిని, "పులుపు వచ్చింది గాని వాసన రాలేదు," అంది.

స్కూల్లో నాకు మొదట తెలిసింది కూడా వాసనే. వానలో తడిసిన ఉన్ని స్వెట్టర్లు గ్యాసు హీటరు దగ్గర ఆరుతుంటే గది నిండా గొర్రెల కొట్టం వాసన వేసేది. గాలి అటు నుంచి వీస్తే దానికి ఫ్యాక్టరీలో కాగే పాల వాసన తోడయ్యేది. చాలామంది పిల్లలు తెల్లవారుజామున లేచి ఇంట్లో ఆవుల పని చూసుకుని వచ్చేవారు. రెండో పీరియడుకు కొందరు నిద్రపోయేవారు.

రెండో పీరియడు లెక్కలు. ఆ టీచరుకు యాభై దాటి ఉంటాయి. పొడుగ్గా, సన్నగా ఉండేవారు, మోచేతుల దగ్గర అతుకు వేసిన గోధుమరంగు స్వెట్టరు వేసుకునేవారు. మూడో రోజున నేను ఇంటికిచ్చిన లెక్క చెయ్యకుండా వెళ్ళాను. ఆయన వరుసగా అందరి పుస్తకాలు చూస్తూ నా బల్ల దగ్గరకు వచ్చి ఆగారు. నేను లేచి నిలబడ్డాను. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని, కుడి అరచెయ్యి ముందుకు చాచి కళ్ళు మూసుకున్నాను. మా జిల్లా పరిషత్ హైస్కూల్లో అలాగే చేసేవాళ్ళం. చెప్పించుకోకుండా చెయ్యి చాపితే ఒక దెబ్బ తగ్గేది.

దెబ్బ పడలేదు. వెనక ఎవరో నవ్వి ఆపేశారు. కళ్ళు తెరిచేసరికి ఆయన నా చేతిని చూస్తూ నిలబడి ఉన్నారు. తర్వాత జేబులోంచి ఒక సుద్దముక్క తీసి నా అరచేతిలో పెట్టారు.

"చెయ్యలేదుగా, పద. బోర్డు మీద ఇద్దరం కలిసి చేద్దాం," అన్నారు.

ఆ సాయంత్రం అమ్మ చపాతీలు ఒత్తుతూ అడిగింది.

"ఏమన్నారే మాస్టారు?"

"ఏం అన్లేదు."

"కొట్టలా?"

"సుద్దముక్క ఇచ్చారు."

అమ్మ కర్ర ఆపి నాన్న వైపు చూసింది. "అదేం మాస్టారండీ?"

"కొత్త పిల్ల గదా, మొహమాటపడి ఉంటాడు," అన్నాడు నాన్న. "రెండు వారాలు పోనీ."

నాకు ఆ రాత్రి బాధగానే ఉంది. ఎందుకో ఇప్పటివాళ్ళకు చెప్పడం కష్టం. మా పాత స్కూల్లో లెక్కల మాస్టారు రోజూ కొట్టేవారు. అయితే అందర్నీ కాదు. చివరి బెంచీలో నలుగురైదుగురుని ముట్టుకునేవారు కాదు. "వీళ్ళని కొట్టడం నా చేతికి శ్రమ," అనేవారు. వాళ్ళు బాగుపడరని ఆయన తేల్చేశారన్న మాట. దెబ్బలు తినే మేము వాళ్ళను చూసి జాలిపడేవాళ్ళం. చెయ్యి వాచి ఇంటికి వెళ్తే అమ్మ కొబ్బరినూనె రాసి, "నీ మీద ఆశుంది గనక కొట్టారు," అనేది. మేమంతా నమ్మాం. ఒకమ్మాయి చెవి మీద దెబ్బ తిని మళ్ళీ బడికి రాలేదు. ఆమె సంగతి మేము పెద్దగా మాట్లాడుకోలేదు.

కాబట్టి అరచేతిలో సుద్దముక్క చూసినప్పుడు, నన్ను చివరి బెంచీ లెక్కలో వేశారనుకున్నాను.

ఆయన క్లాసు ఎలా నడిపేవారో తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది. గొంతు పెంచేవారు కాదు. గొడవ మొదలైతే చెబుతున్న వాక్యాన్ని సగంలో ఆపేసేవారు. సుద్ద కింద పెట్టి, బల్ల అంచున కూర్చుని, కిటికీలోంచి ఆటస్థలం వైపు చూసేవారు. కోపం ఉండేది కాదు. బస్సు కోసం ఆగిన మనిషిలా ఉండేవారు. పిల్లలే ఒకళ్ళనొకళ్ళు ఊరుకోమని మోచేత్తో పొడుచుకునేవారు. గది సద్దుమణిగాక, ఆపిన మాట దగ్గర నుంచే మళ్ళీ మొదలుపెట్టేవారు. ఎన్ని నిమిషాలు పోయాయో అన్ని నిమిషాలు భోజనం బెల్లు కొట్టాక క్లాసంతా కూర్చోవాలి. ఆయనా కూర్చునేవారు. తన జున్ను శాండ్‌విచ్ అక్కడే తినేవారు. టైము కాగానే, "సరే, వెళ్ళండి," అనేవారు. మర్నాడు ఆ ఊసే ఉండేది కాదు.

శీతాకాలంలో అందరి డబ్బాల్లోనూ మాండరిన్ కాయలు ఉండేవి. నా పక్కన కూర్చునే పాడిరైతు కూతురు ఒకరోజు తొక్కలన్నీ పోగుచేసి హీటరు మీద పరిచింది. నేను కాపలా కాశాను. కాసేపటికి తొక్కలు మాడి గది నిండా పొగ. ఆయన లోపలికి వచ్చి వాసన చూసి, కిటికీలన్నీ తెరిచారు. చలిగాలి లోపలికి కొట్టింది. ఎవరు చేశారని అడగలేదు. ఆ గాలిలోనే నలభై నిమిషాలు పాఠం చెప్పారు. అందరూ వణికారు, ఆయనా వణికారు. చివర్లో మేమిద్దరం లేచి, మేమే చేశామని చెప్పాం. "హీటరు మీరిద్దరూ తుడవండి," అన్నారు. తుడిచాం. అంతే.

బయటకు వచ్చాక ఆ అమ్మాయితో అన్నాను, సైన్సు టీచరు అయితే ఎంత అరిచేవాడో అని.

"అరిస్తే ఏం? అరవనీ," అంది. "ఆయన అరుస్తుంటే మెడ నరం ఎలా ఉబ్బుతుందో మా అన్న భలే చేసి చూపిస్తాడు. ఈయన అలా కాదు. ఫెయిర్. అయిపోయాక మనసులో పెట్టుకోడు."

ఫెయిర్ అన్న మాట ఆ ఊళ్ళో నేను వందసార్లు విన్నాను. పిల్లలు టీచర్లను ఆ ఒక్క మాటతోనే తూచేవారు. మా పాత స్కూల్లో చెయ్యి ఎంత బరువో చెప్పుకుని తూచేవాళ్ళం.

జూన్‌లో పేరెంట్స్ మీటింగు జరిగింది. నాన్న ఆసుపత్రి నుంచి టై కట్టుకుని వచ్చాడు. లెక్కల టీచరు నా మార్కులు చూపించి, పిల్ల తెలివైనదే గాని అడగడానికి భయపడుతుందని చెప్పారు. నాన్న అంతా విని, కుర్చీ ముందుకు జరుపుకుని, ఇంగ్లీషులో ఒక్కో మాట కూడబలుక్కుని చెప్పాడు.

"సర్, ఇకనుంచి ఈమెను మీ కూతురనుకోండి. మీ చేతుల్లో పెడుతున్నాను. తప్పు చేస్తే రెండు తగిలించండి. మేమేమీ అనుకోం."

ఆయన నా మార్కుల కాగితం పక్కన పెట్టారు. "ఇక్కడ మేం అలా చెయ్యం, డాక్టర్," అన్నారు మెల్లగా.

నాన్న నవ్వాడు. విందులో రెండోసారి వడ్డించబోతే ముందు వద్దనడం మనకు అలవాటే కదా, ఆయన మాటను కూడా అలాంటి మర్యాదే అనుకున్నాడు. కారులో అమ్మతో, "పెద్దమనిషి. మొహమాటం మనిషి," అన్నాడు.

ఆ రోజుల్లోనే మా ఊరి నుంచి నా స్నేహితురాలి ఉత్తరం వచ్చింది. మా మాస్టారు ఆ నెల రెండు బెత్తాలు విరగ్గొట్టారట. చివర్లో, 'మీ మాస్టారిది బెత్తమా, చెయ్యా?' అని అడిగింది. సుద్దముక్క అని రాయడానికి నాకు చిన్నతనం అనిపించింది. 'చెక్క స్కేలు. రెండే దెబ్బలు, కానీ గట్టివి' అని రాశాను. కవరు అంటించి పోస్టుడబ్బాలో వేశాను. పదివేల కిలోమీటర్ల దూరంలో ఉన్న పిల్లకు చెప్పిన అబద్ధం, దానివల్ల ఏమవుతుందని.

ఆగస్టులో ఇంగ్లీషు టీచరు ఒక పేజీ రాయమంది. ఆమె కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి. క్లాసును అదుపులో పెట్టడం తెలిసిన టీచరు గురించి, వారి మాట మీరెందుకు వింటారో రాయాలి. నేను లెక్కల టీచరు గురించి రాశాను. నాకు తెలిసిన అతి పెద్ద పొగడ్త ఆయనకు ఇవ్వాలనుకున్నాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు సాయంత్రాలు కూర్చున్నాను. ఆయన చెక్క స్కేలుతో కొడతారని, రెండుకు మించి కొట్టరని, ఎవరు బాగుపడాలని కోరుకుంటారో వాళ్ళనే కొడతారని, నన్ను కూడా కొట్టారని రాశాను. ఒకసారి రాసిన అబద్ధం రెండోసారి చాలా తేలిగ్గా వచ్చింది. చివరి వాక్యం, 'ఆయన నాకు తండ్రి లాంటివారు.' తప్పుల్లేకుండా నేను ఇంగ్లీషులో రాసిన మొదటి పేజీ అదే.

రెండు రోజుల తర్వాత వైస్ ప్రిన్సిపాల్ గదికి పిలిచారు. నేను వెళ్ళేసరికి నాన్న అక్కడ కూర్చుని ఉన్నాడు. కోటు జేబులోంచి స్టెతస్కోపు వేలాడుతోంది. గదిలో కాఫీ వాసన. వైస్ ప్రిన్సిపాల్ నా పేజీని నాన్న ముందుకు జరిపారు. నాన్న చదువుతుంటే మొహం విప్పారింది. పేజీ పొడుగునా ఒక్క ఎర్రగీత లేదు. నాన్న చూసింది అదే అనుకుంటాను.

"డాక్టర్, ఇది చాలా తీవ్రమైన విషయం," అన్నారు వైస్ ప్రిన్సిపాల్. "ఈ రాష్ట్రంలో పిల్లల్ని కొట్టకూడదు. అది నిషేధం. ఇది నిజమైతే ఆయన ఉద్యోగానికే ముప్పు."

నాన్న మొహం మారింది. ఎవరినో కాపాడవలసి వచ్చినప్పుడు నాన్న గొంతు స్థిరంగా ఉండేది. ఆసుపత్రి మాటలు ఫోనులో మాట్లాడేటప్పుడు విన్నాను.

"ఆయన తప్పేమీ లేదు. నేనే కొట్టమన్నాను. ఆ మీటింగు రోజు నా నోటితో నేనే చెప్పాను. మాకు ఏ ఫిర్యాదూ లేదు. రాసివ్వమంటే రాసిస్తాను."

వైస్ ప్రిన్సిపాల్ కలం ఆపారు. కాసేపటికి మళ్ళీ రాయడం మొదలుపెట్టారు.

తర్వాత నా వైపు తిరిగి అడిగారు. "నువ్వు చెప్పమ్మా. ఆయన నిన్ను కొట్టారా?"

లేదు అంటే సరిపోయేది. కానీ నాన్న అప్పుడే, నా ఎదురుగానే, కొట్టారన్నట్టు మాట్లాడాడు. పెద్దవాళ్ళ ముందు నాన్న మాటకు ఎదురు చెప్పడం మా ఇంట్లో ఎరగం. నేను లేదంటే, పరాయి ఆఫీసులో నాన్న అబద్ధాలకోరు అవుతాడు. నేను నా బూట్ల వైపు చూశాను. ఆయన మళ్ళీ అడిగారు. నేను తల ఎత్తలేదు. మన దగ్గర పిల్ల తల దించుకుంటే తప్పు ఒప్పుకుందని అర్థం. అక్కడ వాళ్ళకు వేరేగా అర్థమైంది. పిల్ల బాగా భయపడి ఉందని, ఇక అడగవద్దని, వైస్ ప్రిన్సిపాల్ నాన్నతో మెల్లగా అన్నారు.

సోమవారం లెక్కల టీచరు రాలేదు.

బదులు వచ్చినాయన మొదటి పది నిమిషాల్లోనే అరిచాడు. మూడో రోజుకు ఆయన అరుపును ఎవరూ లెక్కచేయలేదు. కాగితం ఉండలు ఎగిరాయి. ఒకడు కిటికీలోంచి బయటకు దూకి, తలుపులోంచి లోపలికి వచ్చాడు. మమ్మల్ని ఒక్కొక్కరినీ ఆఫీసుకు పిలిచి అడిగారు. ఎప్పుడైనా కొట్టారా, ఎవరినైనా కొట్టగా చూశారా. చిన్న ఊరు కదా, ఎవరు ఏం రాశారో వారంలో అందరికీ తెలిసింది.

నా పక్కన కూర్చునే పాడిరైతు కూతురు ఒక మధ్యాహ్నం అడిగింది.

"నువ్వేనటగా రాసింది. మా అమ్మకి ఫ్యాక్టరీలో చెప్పారు."

నేను నా డబ్బాకు మూత పెట్టేశాను.

"ఆయన మా అన్నకి పాఠాలు చెప్పాడు, మా పిన్నికీ చెప్పాడు. ఎవర్నీ వేలితో ముట్టుకోలేదు. నిన్ను నిజంగా కొట్టాడా?"

"లేదు."

"మరెందుకు రాశావ్?"

"బాగుంటుందని."

ఆమె తన డబ్బా తెరిచింది. మాండరిన్ వొలుచుకుంది. రోజూ సగం నాకు పెట్టేది. ఆ రోజు మొత్తం తనే తినేసింది.

మర్నాడు నేనే వెళ్ళి వైస్ ప్రిన్సిపాల్‌కు నిజం చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. కాగితాలు పై ఆఫీసుకు వెళ్ళిపోయాయని, ఇది కూడా రాసి పంపుతానని అన్నారు. నాన్నకు ఫోను చేశారు.

ఆ సాయంత్రం నాన్న కొడతాడని ఎదురు చూశాను. కొట్టలేదు. మజ్జిగన్నం తిని, చెయ్యి కడుక్కుని, కాగితాలు తెచ్చుకుని స్కూలుకు ఉత్తరం రాయడం మొదలుపెట్టాడు. తాను అన్నది పొరపాటని, పిల్లను కొట్టారని తనకు స్వయంగా తెలియదని. మూడుసార్లు చించి నాలుగోసారి రాశాడు. శనివారం టీచరు ఇంటికి వెళ్ళాడు. అరగంటలో తిరిగి వచ్చాడు.

"ఏమన్నారండీ?" అంది అమ్మ.

"టీ తాగుతారా అన్నారు."

"తాగారా?"

"వద్దన్నాను. మళ్ళీ అడగలేదు."

నాన్న కోటు కూడా విప్పకుండా చాలాసేపు కూర్చున్నాడు.

అక్టోబరులో, ఆ ఏడాది ఆఖరి టర్ములో లెక్కల టీచరు తిరిగి వచ్చారు. ఆరోపణ నిలబడలేదని స్కూలు వాళ్ళు చెప్పారు. ఆయన లోపలికి రాగానే క్లాసంతా ఎవరూ చెప్పకుండానే నిశ్శబ్దమైంది. ఏదో ఒకటి అంటారని చూశాం. పుస్తకం తెరిచి పేజీ నంబరు చెప్పారు.

అంతకు ముందు ఆయన బల్లల మధ్య తిరిగేవారు. అర్థంకాని వాళ్ళ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, వాళ్ళ పెన్సిలుతోనే చేసి చూపించేవారు. ఇప్పుడు తన బల్ల వెనక నుంచి కదలలేదు. తలుపు ఎప్పుడూ తెరిచే ఉంచేవారు. గొడవ చేసినవాడికి పసుపుపచ్చ చీటీ రాసి ఆఫీసుకు పంపేవారు. భోజనం వేళ ఎవర్నీ కూర్చోబెట్టలేదు. పాఠం మాత్రం అలాగే, స్పష్టంగా చెప్పేవారు. చీటీలు తీసుకుని వెళ్ళేవాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళేవారు. ఒకప్పుడు ఆయన కిటికీలోంచి చూస్తే సిగ్గుపడిన పిల్లలే వాళ్ళు.

క్షమించమని అడగాలని ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు బట్టీపట్టాను. ఒకరోజు అందరూ వెళ్ళాక ఆగాను. నేనొక్కదాన్నే ఉన్నానని చూడగానే ఆయన లేచి నిలబడి, తలుపు దాకా నడిచి, బయట వరండాలోకి వెళ్ళి ఆగారు.

"పాఠంలో ఏమైనా సందేహమా?" అన్నారు అక్కడి నుంచే.

"కాదు సర్."

"అయితే వెళ్ళు. భోజనం టైము."

గొంతులో కోపం లేదు. జాగ్రత్త ఉంది. ఒక పిల్లతో గదిలో ఒంటరిగా ఉండగలిగే ధైర్యం ఆయనకు ఇక లేదు. అది పోగొట్టింది నేనే గనక, నా నాలుగు వాక్యాలు వినే వీలు కూడా ఆయనకు లేకుండా పోయింది. డిసెంబరులో ఆయన ఉద్యోగం మానేశారు. టాస్మేనియా దీవిలో చెల్లెలి దగ్గరకు వెళ్ళారని, మొక్కల నర్సరీలో పని చేస్తున్నారని తర్వాత విన్నాం. మళ్ళీ ఏ స్కూల్లోనూ పాఠం చెప్పలేదట.

కొన్నేళ్ళ క్రితం ఆ ఊరి ఫేస్‌బుక్ పేజీలో ఆయన పోయారని ఎవరో రాశారు. కింద చాలామంది పాత విద్యార్థులు రాశారు. స్ట్రిక్ట్ బట్ ఫెయిర్ అని ఒకరు. మనం ఊరుకునేదాకా ఆగేవాడు, అది నా పిల్లల దగ్గర నేనూ ప్రయత్నిస్తుంటాను అని ఒకరు. ఏదో గొడవ జరిగింది, నేనెప్పుడూ నమ్మలేదు అని ఇంకొకరు. నేను కొన్ని వాక్యాలు టైపు చేసి, చదువుకుని, తీసేశాను. ఆయన చదవని చోట రాసుకుంటే అది నా కోసమే అవుతుంది.

నాన్న కిందటేడు పోయాడు. ఆ ఊళ్ళో మేమున్నన్నాళ్ళూ మళ్ళీ ఏ మీటింగుకూ నాన్న రాలేదు. అమ్మే వచ్చేది. వచ్చీరాని ఇంగ్లీషుతో మార్కులు విని, థాంక్యూ చెప్పి లేచేది. నాన్న అన్నది తప్పే. పిల్లను కొట్టమని ఎవరూ ఎవరికీ చెప్పకూడదు. ఆ మాటలో కొట్టడం కంటే పెద్దది, పిల్లను నమ్మి అప్పగించడం, ఇంకొకటి ఉందని, టీచరుకు మాత్రం కొట్టమన్నదే వినిపించిందని, నాకు పిల్ల పుట్టాక గాని తెలియలేదు.

పోయిన నెల మా అమ్మాయి టీచర్లతో మీటింగు జరిగింది. అన్నీ వీడియోలోనే. ఒక్కో టీచరుకు ఐదు నిమిషాలు. తెర మూలన గడియారం వెనక్కి నడుస్తుంటుంది. లెక్కల టీచరు కుర్రవాడు, మర్యాదస్తుడు. గ్రాఫు చూపించాడు, ప్రవర్తన ఆకుపచ్చలో, అంటే బాగానే ఉందన్నాడు. నాకేదో చెప్పాలనిపించి నోరు తెరిచేసరికి టైము అయిపోయి తెర నల్లబడింది. ఇంకో టీచరు వచ్చింది. పిల్లను వెంటబెట్టుకుని వెళ్ళి, టీచరు ఎదురుగా కూర్చుని, ఈమెను మీ చేతుల్లో పెడుతున్నామని చెప్పి రావడం ఇప్పుడు ఎవరూ చెయ్యరు.